ఉత్తమ మెటల్ పాట: షరతులు వర్తిస్తాయి

హెవీ మెటల్ బ్యాండ్లలో ఎవరి పాటల్లో ఏది గొప్పదో తేల్చడానికి ఒక పద్ధతి ఉందట. ఉందని చెప్పే పండితులకు కొదవ లేదు. నల్ల టీషర్టు, దాని మీద చదవరాని అక్షరాల్లో బ్యాండు పేరు, ముఖాన హైకోర్టు జడ్జి గాంభీర్యం. వాళ్ల దగ్గరికెళ్లి "మెటాలికాలో నాకు 'ఎంటర్ శాండ్‌మన్' ఇష్టమండీ" అని చూడండి. పెళ్లి భోజనం మొత్తం తిని అప్పడం బాగుందన్న వాణ్ని చూసినట్టు చూస్తారు. ఆ పాట 1991 నాటి నల్ల అట్ట ఆల్బమ్‌లోది. కోట్ల కాపీలు అమ్ముడైన ఆల్బమ్. అదే దాని నేరం. నలుగురికీ నచ్చిన పాట ఉత్తమం కాకూడదన్నది వీళ్ల మొదటి షరతు.

'మాస్టర్ ఆఫ్ పపెట్స్' సంగతి చూడండి. 1986లో వచ్చిన ఎనిమిదిన్నర నిమిషాల పాట. 2022 దాకా పండితులంతా దానికి దండం పెట్టారు. ఆ ఏడు 'స్ట్రేంజర్ థింగ్స్' సిరీస్‌లో ఓ కుర్రాడు గిటార్ పట్టుకుని ఈ పాట వాయించాడు. ముప్పయ్యారేళ్లుగా బ్రిటన్ టాప్ 40 మొహం చూడని పాట ఒక్కసారిగా అందులోకి వచ్చి కూర్చుంది. అంతే, పండితులకు కడుపులో తిప్పింది. నిన్నగాక మొన్న పుట్టిన పిల్లలు తమ పాట పాడటమా! పాటలో ఒక్క స్వరం మారలేదు, వినేవాళ్ల వయసు మారిందంతే. బ్యాండేమో రండి పిల్లలూ, మీరూ మావాళ్లేనంది. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడని ఊరికే అనలేదు.

ఇష్టాయిష్టాలు పక్కనబెట్టి అంకెలే చూద్దామంటారు మరికొందరు. ఎక్కువ అమ్ముడైందే గొప్పదట. ఈ కొలబద్దతో ఐరన్ మెయిడెన్‌ను కొలిస్తే ఏం తేలుతుందో తెలుసా? బ్రిటన్ సింగిల్స్ పట్టికలో ఆ బ్యాండు మొదటి స్థానం అందుకున్నది ఒకే ఒక్కసారి, 1991 జనవరిలో, 'బ్రింగ్ యువర్ డాటర్ టు ది స్లాటర్' అనే పాటతో. దాని పుట్టుక ఇంకా ముచ్చటైనది. గాయకుడు బ్రూస్ డికిన్సన్ దాన్ని ముందు 'ఎ నైట్‌మేర్ ఆన్ ఎల్మ్ స్ట్రీట్' వరసలో ఐదో దెయ్యం సినిమా కోసం సొంతంగా పాడాడు. చెత్త సినిమాలకిచ్చే గోల్డెన్ రాస్‌బెర్రీ పురస్కారాల్లో ఆ ఏటి పరమ చెత్త పాట అదేనని నెగ్గింది. దాన్నే బ్యాండు మళ్లీ రికార్డు చేసి క్రిస్మస్ ముందురోజు వదిలితే నంబర్ వన్! అంకెల లెక్కన అదే బ్యాండు పాట 'హాలోడ్ బీ దై నేమ్' దీని వెనక చేతులు కట్టుకు నిలబడాలి. ఈ మాట మెయిడెన్ అభిమాని ఎదుట అని, క్షేమంగా ఇంటికి రండి చూద్దాం.

పోనీ, అవార్డులు? ఇక్కడ కాస్త ఆగాలి. 1989లో గ్రామీ వాళ్లు మొట్టమొదటిసారి హార్డ్ రాక్‌కూ మెటల్‌కూ కలిపి ఒక బహుమతి పెట్టారు. మెటాలికా అదే వేదిక మీద 'వన్' వాయించింది కూడా. ఇంకెవరికిస్తారని అందరి ధీమా. ఆలిస్ కూపర్ కవరు చించి జెత్రో టల్ పేరు చదివాడు. హాల్లో నవ్వులు. ఏదో పరాచికమనుకున్నారు పాపం. ఆ జెత్రో టల్ నాయకుడు ఇయాన్ ఆండర్సన్ ఒంటికాలి మీద నిలబడి ఫ్లూటు ఊదే ఆసామి. తమకు ఎలాగూ రాదన్న లెక్కతో వాళ్లు ఆ రాత్రి సభకే రాలేదు. విమర్శలు ముసురుకున్నాక వాళ్ల రికార్డు కంపెనీ పత్రికలో ఒక ప్రకటన వేయించింది, ఫ్లూటు కూడా బరువైన లోహవాద్యమేనని. నన్నడిగితే మెటల్ నిర్వచనాల మీద జరిగిన చర్చలన్నిటిలో చమత్కారం ఉన్న వాదన అదొక్కటే. మరుసటి ఏడు గ్రామీ వాళ్లు రెండు రకాలనూ విడదీసి మెటాలికా చేతిలో బహుమతి పెట్టారు. 1992లో మళ్లీ గెలిచినప్పుడు మెటాలికా డ్రమ్మర్ లార్స్ ఉల్రిక్, ఈ ఏడు ఆల్బమ్ వేయనందుకు జెత్రో టల్‌కు వేదిక మీదే కృతజ్ఞతలు చెప్పుకున్నాడు. ఇంకో సంగతి: బ్లాక్ సబ్బత్ 'ఐరన్ మాన్' 1970 నాటిది. గ్రామీ వాళ్లకు అది వినబడింది 2000లో, అదీ కచేరీలో వాయించిన రికార్డింగుకు.

ఇక వేగం, నైపుణ్యం. సెకనుకు ఎన్ని స్వరాలు, డబుల్ బేస్ డ్రమ్ము మీద కాళ్లు ఎంత జోరుగా ఆడాయి, ఇవీ కొలతలు. అయితే ఈ సంగీతానికి మూలపురుషుడు, బ్లాక్ సబ్బత్ గిటారిస్టు టోనీ అయోమీ పదిహేడేళ్ల వయసులో బర్మింగ్‌హామ్ రేకుల ఫ్యాక్టరీలో, ఉద్యోగం మానేసే ఆఖరి రోజున, యంత్రం కింద రెండు వేళ్ల కొసలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతివాటం కాబట్టి తీగలు నొక్కాల్సిన కుడిచేతి వేళ్లే అవి. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకున్నాడు, పైన తోలు అంటించాడు. నొప్పి తగ్గడానికి సన్నని తీగలు కట్టాడు, తర్వాత శ్రుతి బాగా దించాడు. ఆ దించిన శ్రుతిలోంచే ఇవాళ్టి మెటల్ గంభీర నాదం వచ్చింది. 'ఐరన్ మాన్' బాణీ గిటార్ పట్టిన పిల్లవాడు వారంలో నేర్చేస్తాడు. వేగం పరీక్ష పెడితే అయోమీకి పాసు మార్కులు కూడా రావు.

నిడివి మాట ఎత్తేవాళ్లూ ఉన్నారు. చిన్న పాటకు లోతుండదట. అయితే స్లీప్ బ్యాండు 'డోప్‌స్మోకర్' తీసుకోండి, ఒకే పాట, గంట దాటుతుంది. కంపెనీ వాళ్లు అది విని వదలడానికే జంకారు. చిక్కదనమే ముఖ్యమంటారా, నేపామ్ డెత్ 1987లో వేసిన 'యూ సఫర్' ఉంది, 1.316 సెకన్లు, గిన్నిస్ పుస్తకంలో అతి చిన్న పాట. తుమ్మేలోపు అయిపోతుంది. రెంటిలో ఏది గొప్పదో పండితులే చెప్పాలి.

చెప్పరు. ముందు గోత్రం అడుగుతారు. అది డెత్తా, డూమా, థ్రాషా, బ్లాకా, పవరా? డెత్ వాళ్లకూ పవర్ వాళ్లకూ పంక్తి భోజనం లేదు. మోటర్‌హెడ్ లెమ్మీ బతికినన్నాళ్లూ తాము వాయించేది రాక్ అండ్ రోల్ అని చెప్పుకున్నాడు. అయినా 'ఏస్ ఆఫ్ స్పేడ్స్'ను మెటల్ పట్టికల్లోకి లాగారు. డీప్ పర్పుల్ సంగతి ఏభై ఏళ్లుగా వాయిదాల మీద నడుస్తోంది. మనవాళ్లూ తక్కువేం తినలేదు. 2007లో ఐరన్ మెయిడెన్ బెంగళూరు ప్యాలెస్ గ్రౌండ్స్‌కు వచ్చినప్పుడు హైదరాబాద్ నుంచి రాత్రి బస్సెక్కి వెళ్లిన కుర్రాళ్లు ఇప్పుడు నలభై దాటిన పెద్దమనుషులు. ఎవరు ఏ పాట పేరెత్తినా వాళ్ల ప్రశ్న ఒక్కటే: "తమ్ముడూ, లైవ్‌లో విన్నావా?"

నిజం చెప్పాలంటే కొలమానం స్పష్టంగా ఉన్న పట్టిక ఈ లోకంలో ఒక్కటే వచ్చింది, అదీ మెటల్ గిట్టనివాళ్లు వేసింది. 1985లో అమెరికాలో టిప్పర్ గోర్ వగైరా వాషింగ్టన్ ఇల్లాళ్లు పిల్లల్ని చెడగొట్టే పాటలు పదిహేను ఏరారు. ఒక్కో పాట పక్కన దాని పాపం ఏమిటో రాశారు: శృంగారమా, హింసా, మత్తా, మంత్రతంత్రాలా అని. ఎంత నిజాయితీ! జూడాస్ ప్రీస్ట్, ట్విస్టెడ్ సిస్టర్ సరే, అప్పటికి అమెరికాలో ఇంటింటికీ తెలియని వెనమ్‌నూ, మెర్సిఫుల్ ఫేట్‌నూ కూడా వెతికి పట్టుకున్నారు. అంత శ్రద్ధగా పాటలు విన్న జ్యూరీ తర్వాత మళ్లీ దొరకలేదు.

మిగతావాళ్ల పద్ధతంతా ఒకటే. పద్నాలుగో ఏట, పక్కగదిలో పెద్దవాళ్లు తలుపు బాదుతుండగా విన్న పాట ముందే ఖాయమై ఉంటుంది. నియమాలు తర్వాత దాని ఒంటికి కొలత తీసి కుడతారు. వాళ్లు పట్టిన కుందేటికి మూడే కాళ్లు కాబట్టి కుందేళ్లకు మూడు కాళ్లుండటమే శాస్త్రమంటారు. పద్నాలుగో ఏటి పాటను ప్రేమించడంలో తప్పేముంది? దాన్ని శాస్త్రమని అమ్మడమే దబాయింపు.

2025 జులై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్ మైదానంలో బ్లాక్ సబ్బత్ మొదటి నలుగురూ ఆఖరిసారి కలిశారు. పార్కిన్సన్స్‌తో నిలబడలేని ఓజీ ఆస్బోర్న్ సింహాసనంలో కూర్చుని పాడాడు. పదిహేడు రోజులకు కన్నుమూశాడు. ఓజీ గొంతుతో తొమ్మిది స్టూడియో ఆల్బమ్‌లు ఉన్న బ్యాండుకు ఆ రాత్రి సమయం ఉన్నది నాలుగు పాటలకే. 'వార్ పిగ్స్', 'ఎన్.ఐ.బి.', 'ఐరన్ మాన్', 'పారనాయిడ్' ఎంచుకున్నారు. నాలుగూ 1970లో వచ్చినవే. ఆఖరున పాడిన 'పారనాయిడ్' అయితే అప్పట్లో ఆల్బమ్ నిడివి మూడు నిమిషాలు తక్కువైందని, మిగతావాళ్లు భోజనానికి వెళ్లినప్పుడు అయోమీ హడావిడిగా కట్టిన బాణీ. ఖాళీ పూడ్చడానికి పుట్టిన ఆ పాట పేరే ఆల్బమ్‌కు పెట్టారు, పాట బ్రిటన్‌లో నాలుగో స్థానానికి ఎక్కింది. ముందు ఆల్బమ్ పేరు 'వార్ పిగ్స్' అనుకుని తీసిన అట్టబొమ్మ మాత్రం అలాగే ఉండిపోయింది, కత్తీ డాలూ పట్టుకుని ఏ పాటకూ సంబంధం లేకుండా.

ఆ నాలుగింటిలో ఒక్కటీ పండితులు మెచ్చే అరుదైన పాట కాదు. ఆ లెక్కన బ్లాక్ సబ్బత్ పాటల గురించి బ్లాక్ సబ్బత్‌కే ఏమీ తెలియదని తీర్పివ్వాలి. ఇవ్వమనండి.