ముందే అనుమానించండి

పక్కింట్లో ఏదో తేడాగా ఉందని తోచినప్పుడు "మనకేలప్పా" అని తలుపేసుకుంటాం. అదే ఇంటి ముందు పోలీసు జీపు ఆగిన రోజున "నాకెప్పుడో తెలుసు" అని మొదలుపెడతాం. బిడ్డల్ని హింసించి గదిలో పెట్టి తాళం వేసిన తల్లిదండ్రుల వార్త వచ్చిందంటే హోసూరు బస్టాండులోనైనా, కృష్ణగిరి టీకొట్ల దగ్గరైనా వినపడే మాటలు ఇవే. ఎందుకు చేశారు? డబ్బు కోసమా, చేతబడా, రెండో పెళ్ళా, పిచ్చా? తలా ఒక కారణం పట్టుకొస్తారు. ఆ తలుపు మూసి ఉన్నన్నాళ్ళూ ఈ ఊహలకు విలువ ఉంది. తెరుచుకున్నాక లేదు. కింద రాస్తున్న సలహాలు పెద్దలు నేర్పిన మర్యాదకు ఎదురుగా ఉంటాయి, కొన్ని పెడసరంగా కూడా తోస్తాయి. అయినా పాటించమనే అడుగుతున్నాను.

రుజువు దొరికేదాకా ఆగకండి. కన్నవాళ్ళను అనుమానిస్తే కళ్ళు పోతాయని మనవాళ్ళ నమ్మకం. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో వెలువరించిన అధ్యయనం ఆంధ్రప్రదేశ్‌తో సహా 13 రాష్ట్రాల పిల్లల్ని అడిగింది. కుటుంబంలో దెబ్బలు తిన్న పిల్లల్లో 88.6 శాతం మందిని కొట్టింది తల్లిదండ్రులేనని అందులో తేలింది. రుజువు వెతకడం పోలీసుల పని, బాలల సంక్షేమ సమితి పని. మీ దగ్గర ఉండాల్సింది అనుమానం ఒక్కటే. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసినవాళ్ళే కాదు, జరగబోతోందని భయపడినవాళ్ళు కూడా చెప్పి తీరాలని పోక్సో చట్టం అంటోంది. తెలిసి చెప్పకపోతే శిక్ష ఉంది. మంచి ఉద్దేశంతో చెప్పింది తప్పని తేలితే మాత్రం ఏ శిక్షా లేదు. తప్పు కావడానికి సిద్ధపడి ఫోను చేయండి. పది ఫోన్లలో తొమ్మిది వృథా అయినా నాకు బాధ లేదు.

దేన్ని చూసి అనుమానించాలి? అరుపులకంటే ముందు బడిని చూడండి. స్పెయిన్‌లోని ఒవియెడోలో ముగ్గురు పిల్లల్ని తల్లిదండ్రులు కోవిడ్ భయంతో 2021 చివరి నుంచి ఇల్లు దాటనివ్వలేదు. 2025 ఏప్రిల్లో వాళ్ళు బయటపడటానికి కారణం ఇరుగుపొరుగులో ఒకరికి వచ్చిన చిన్న అనుమానం. ఆ ఇంట్లో పిల్లలు ఉన్నట్టుంది, మరి బడికి ఎందుకు పోవడం లేదు? కాలిఫోర్నియాలోని పెరిస్‌లో 13 మంది పిల్లల్ని కన్నవాళ్ళే ఏళ్ళ తరబడి ఆకలికి మాడ్చారు, కొందరిని మంచాలకు గొలుసులతో కట్టారు. ఆ తండ్రి తన ఇంటినే ప్రైవేటు బడిగా నమోదు చేసి, తానే ప్రిన్సిపాలునని రాసుకున్నాడు. 2018 జనవరిలో 17 ఏళ్ళ కూతురు కిటికీలోంచి బయటపడి, కనెక్షను తీసేసిన పాత ఫోనుతో పోలీసులను పిలిచేదాకా సంగతి బయటికి రాలేదు. మన అంచెట్టి కొండల్లో 2025లో బలవంతంగా పెళ్ళి చేసిన 14 ఏళ్ళ పిల్ల ఏడో తరగతితోనే చదువు ఆపేసి ఇంట్లో ఉంది. మూడు చోట్లా పిల్లలు ముందు దూరమైంది బడికే.

అందుకని పక్కింటి పాప ఏ క్లాసు చదువుతోందని అడగండి. మొహమాటం వదిలి అడగండి. "ఊళ్ళో అవ్వ దగ్గర ఉంది" అంటే ఏ ఊరని కూడా అడగండి. ఇంకొకరి ఇంటి విషయాల్లో తలదూర్చడం అంటే ఇదే, తలదూర్చమనే చెబుతున్నాను. సిప్కాట్ పారిశ్రామికవాడ చుట్టూ లైను ఇళ్ళలో బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన కుటుంబాలు ఉంటాయి. ఆ పిల్లల పేరు ఏ బడి రిజిస్టరులోనూ లేకపోతే, వాళ్ళు కనపడటం లేదని గుర్తించే టీచరే ఉండరు. ఆ లోటు తీర్చగలిగింది గోడకు ఇవతల ఉన్న మీరే. మన తెలుగు పిల్లలకు ఇంకో చిక్కుంది. 2006 చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం తప్పనిసరి అయింది, తెలుగు సెక్షన్లు తగ్గుతూ వచ్చాయి. చేతి మీద వాత ఎట్లా పడిందో ఎనిమిదేళ్ళ బిడ్డ చెప్పగలిగేది ఇంటి భాషలోనే. వినే టీచరుకు ఆ భాష రాకపోతే బిడ్డ ఊరుకుంటుంది. తెలుగు వచ్చిన టీచరు ఆ బడిలో ఒక్కరే ఉంటే, ఆ ఒక్కరికే ఈ పని అదనంగా పడుతుంది. తప్పదు.

అనుమానాన్ని వీధికి చెప్పకండి, ఒక్క చోట చెప్పండి. 1098. చైల్డ్‌లైన్‌గా 1996లో ముంబైలో మొదలైన ఈ నంబరు ఇప్పుడు రాష్ట్ర ప్రభుత్వాల చేతిలో ఉంది. డబ్బులు పడవు, రాత్రీ పగలూ పనిచేస్తుంది. మనది మూడు రాష్ట్రాలు కలిసే చోటు కాబట్టి ముందు కృష్ణగిరి జిల్లా అని చెప్పి, తర్వాత తాలూకా, వీధి, ఆనవాలు చెప్పండి. ఆపైన కళ్ళతో చూసింది, చెవులతో విన్నది, ఏ వేళ, ఎన్నాళ్ళుగా అన్నది చెప్పండి. "వాడు తాగుబోతు", "ఆమె రెండో పెళ్ళాం" వంటివి వద్దు. చెప్పినవాళ్ళు మీరని బయటపెట్టవద్దని అడగండి. బాధపడుతున్నది పద్దెనిమిది దాటిన ఆడపిల్ల అయితే 181 ఉంది. వయసు సరిగ్గా తెలియకపోతే 1098కే చేయండి, వాళ్ళు తేల్చుకుంటారు.

"ముందు ఆ తల్లిదండ్రులతో నెమ్మదిగా మాట్లాడి చూద్దాం" అనే పెద్దమనిషి ప్రతి వీధిలోనూ ఉంటాడు. ఆయన మాట వినకండి. మీరు మాట్లాడి వచ్చిన రాత్రే ఆ బిడ్డకు ఇంకో నాలుగు దెబ్బలు పడతాయి, వీధికి చెప్పావా అని. అద్దెకున్నవాళ్ళయితే తెల్లారేసరికి ఇల్లు ఖాళీ చేసి అత్తిబెలె దాటేస్తారు. అది వేరే రాష్ట్రం, వేరే పోలీసులు, అక్కడ మళ్ళీ మొదటి నుంచి అనుమానించే మనిషి పుట్టాలి. పంచాయితీలూ వద్దు. పంచాయితీలో కూర్చునేది పెద్దలు, రాజీ కుదిరేది పెద్దల మధ్య. బిడ్డ నోటితో చెప్పేదాకా ఆగుదామన్నా ఒప్పుకోకండి. తాళం వేసిన చెయ్యే అన్నం పెడుతున్నప్పుడు బిడ్డ "ఏం లేదు" అనే అంటుంది.

ఇక్కడ ఒక మాట ఆగి చెప్పాలి. తాళం పడిన ప్రతి ఇంట్లోనూ రాక్షసులు ఉండరు. ఇద్దరూ షిఫ్టుకు పోతే బిడ్డను చూసేవాళ్ళు లేక గది బయట గొళ్ళెం పెట్టి పోయే తల్లులున్నారు. బుద్ధి ఎదగని కొడుకు రోడ్డు మీదికి పరిగెత్తి లారీ కింద పడతాడని కాలికి గొలుసు వేసే తండ్రులున్నారు. వాళ్ళను చూసి ఊరు "పాపం, ఏం చేస్తారు" అంటుంది. నేనూ పాపమనే అంటాను, కానీ ఆ పాపం అన్న మాటతో ఆగకండి. 2001 ఆగస్టులో రామనాథపురం జిల్లా ఏర్వాడిలో నిప్పంటుకుంటే గొలుసులతో కట్టేసి ఉన్న మానసిక రోగులు పారిపోలేక కాలిపోయారు, 28 మంది. 2017 మానసిక ఆరోగ్య చట్టం రోగిని ఏ విధంగానూ గొలుసుతో కట్టకూడదని చెప్పింది. మానసిక వైద్యం చేసే నిమ్హాన్స్ మనకు ఎంతో దూరం కాదు, బెంగళూరులో ఆ ఆసుపత్రి ఉన్న దారి పేరే హోసూరు రోడ్డు. అంగన్‌వాడీ ఎక్కడుందో, వైకల్యం ఉన్న బిడ్డకు పింఛను ఎట్లా వస్తుందో ఆ తల్లిదండ్రులకు ఎవరూ చెప్పి ఉండరు. ఆ ఇంటికి అధికారి వస్తే మొదట దొరికేది ఆ వివరాలే కావచ్చు. కాబట్టి జాలి కలిగినా ఫోను చేయండి, జాలి కలిగితే ఇంకా త్వరగా చేయండి.

వీడియో సంగతి కష్టమైనది. 2025 మార్చిలో అంచెట్టి పిల్లకు 29 ఏళ్ళ మనిషితో బెంగళూరులో పెళ్ళి చేసి తీసుకొచ్చారు. ఆ కాపురం వద్దని ఆమె చెప్పింది. ఏడుస్తున్నా వినకుండా ఎత్తుకొని మోసుకుపోయారు. దాన్ని ఎవరో ఫోనులో తీశారు, అది రాష్ట్రమంతా తిరిగింది. డెంకణికోట మహిళా పోలీసులు కేసు పెట్టి ఆ మనిషినీ, అతని అన్ననూ, పిల్ల తల్లినీ అరెస్టు చేశారు. వీడియో లేకపోతే ఇది బయటపడేదా అని అడుగుతారు. బహుశా పడేది కాదు. అందుకే తీయొద్దని చెప్పను. తీసి పోలీసులకు ఇవ్వండి, ఇంకెవరికీ పంపకండి. మీకు వస్తే ముందుకు తొయ్యకండి. బాలల న్యాయ చట్టం 74వ సెక్షను బాధిత బిడ్డ ఎవరో తెలిసేలా ఏదీ బయటపెట్టకూడదంటుంది, ఆరు నెలల జైలో రెండు లక్షల జరిమానానో, రెండూనో పడొచ్చు. జైలు సంగతి అటుంచినా, ఆ పిల్ల రేపు ఏ ఊళ్ళో బడికి పోయినా, ఎక్కడ పనికి కుదిరినా, ఆ దృశ్యం ఆమెకంటే ముందు అక్కడికి చేరి ఉంటుంది.

ఇక వార్త వచ్చేసిన తర్వాత ఏం చేయాలి? కారణం వెతకడం మానేయండి. 2021 జనవరిలో అప్పటి చిత్తూరు జిల్లా మదనపల్లెలో బాగా చదువుకున్న తల్లిదండ్రులు, ఎదిగిన ఇద్దరు కూతుళ్ళను పూజల పేరుతో చంపారు. తండ్రి డిగ్రీ కాలేజీలో పాఠాలు చెప్పేవాడు, తల్లి బడి నడిపేది. క్షుద్రపూజలన్నారు, ఎవరో బాబా ఉన్నాడన్నారు, చదువు ఎక్కువై మతి పోయిందన్నారు. డాక్టర్లు చూసి ఆ ఇద్దర్నీ విశాఖ మానసిక ఆసుపత్రికి పంపించారు. ఈలోగా ఊళ్ళలో తిరిగిన కథలు చచ్చిపోయిన ఇద్దరమ్మాయిల మీదా బురద చల్లాయి. వాళ్ళు జవాబు చెప్పుకోలేరు.

ఊహకు ఒక తేలిక దారి దొరికితే నిజం సగమే కనిపిస్తుంది. హైదరాబాదు ఎల్బీనగర్‌లో 2015 జులైలో 19 ఏళ్ళ అమ్మాయిని ఇంట్లో నిర్బంధించి హింసిస్తుంటే బాలల హక్కుల సంఘం, పోలీసులు కలిసి విడిపించారు. అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ఆసుపత్రికి వెళ్ళి ఆమె బాధ్యత తీసుకున్నారు. జనం నోట మిగిలింది ఒక్క మాట: సవతి తల్లి. అరెస్టయినవాళ్ళలో కన్నతండ్రి కూడా ఉన్నాడు. సవతి తల్లి అనగానే మనకు కథ పూర్తయిపోతుంది, సొంత అమ్మానాన్నలున్న ఇంటి మీద ఇక చూపు పడదు. ముందు చెప్పిన 88.6 శాతం గుర్తుంచుకోండి.

సంస్కృతి అనే మాటను కూడా అడ్డం పెట్టకండి. 2012 డిసెంబరులో ఓస్లో జిల్లా కోర్టు ఒక తెలుగు జంటకు ఏడేళ్ళ కొడుకును పదేపదే హింసించారని శిక్ష వేసింది, తండ్రికి 18 నెలలు, తల్లికి 15 నెలలు. ఇక్కడ టీవీల్లో చర్చంతా నార్వే మన పెంపకాన్ని అవమానించిందా లేదా అన్నదే. ఆ కుర్రాడి ఒంటి మీద ఏముందో అడిగినవాళ్ళు తక్కువ. కొండ ఊళ్ళ బాల్యవివాహాల విషయంలో మనం ఇదే చేస్తున్నాం. "వాళ్ళ ఆచారం అంతేప్పా" అంటే ఆ పిల్ల ఏడుపు కూడా ఆచారంలో భాగమైపోతుంది.

ఊహ అవతలి వైపుకూ తప్పుతుంది. 2008లో నోయిడాలో పద్నాలుగేళ్ళు నిండబోతున్న అమ్మాయి హత్యకు గురైతే, దేశమంతా తల్లిదండ్రుల మీద కథలు అల్లింది. 2013లో కింది కోర్టు శిక్ష వేసింది, 2017 అక్టోబరులో అలహాబాదు హైకోర్టు ఇద్దర్నీ నిర్దోషులని వదిలేసింది. అధికారికి చెప్పిన అనుమానం తప్పయితే ఒక కాగితం మీద ముగుస్తుంది. వీధిలో చెప్పింది కోర్టు కొట్టేసినా ముగియదు. ముందు అనుమానించమని, తర్వాత నోరు కట్టుకోమని రెండూ ఒకేసారి చెప్పడం అందుకే. ఉరి తీయాలని అరవడం కూడా వద్దు. ఆ బిడ్డే సాక్షి. తన మాట వల్ల అమ్మ చచ్చిపోతుందనుకున్న బిడ్డ కోర్టులో నోరు విప్పదు.

మాట్లాడి తీరాలనిపిస్తే, బయటపడ్డ బిడ్డలు ఇప్పుడెక్కడున్నారని అడగండి. ఇది అడిగేవాళ్ళే లేరు. పెరిస్ పిల్లల తల్లిదండ్రులకు 2019 ఏప్రిల్లో 25 ఏళ్ళ నుంచి జీవితాంతం దాకా శిక్ష పడింది, లోకం చేతులు దులుపుకుంది. వాళ్ళలో కొందరిని ఉంచిన పెంపక కుటుంబంలోనూ హింస జరిగిందని తర్వాత బయటపడింది. విచారణ చేయించిన కౌంటీకి, వ్యవస్థే కొందరిని కాపాడలేకపోయిందని 2022లో నివేదిక అందింది.

మన జిల్లాలోనూ విడిపించిన బిడ్డను 24 గంటల్లోగా బాలల సంక్షేమ సమితి ముందుంచాలి. ఆ తర్వాత హోములోనా, బంధువుల దగ్గరా అన్నది వాళ్ళు నిర్ణయిస్తారు. బిడ్డను ఇంకెవరైనా బంధువులు తీసుకుంటామంటే మిషన్ వాత్సల్య పథకం కింద అర్హత ఉన్నవాళ్ళకు నెలకు 4,000 రూపాయలు వస్తాయి. ఇది తెలియక అత్తలూ మామలూ వెనకాడతారు, వాళ్ళకు చెప్పండి. మైనరుగా ఉండగా పెళ్ళి చేసిన పిల్ల, పద్దెనిమిది నిండాక రెండేళ్ళ వరకూ కోర్టుకు పోయి ఆ పెళ్ళిని రద్దు చేయించుకోవచ్చు. తేదీ దగ్గరపడుతోందని ఆమెకు గుర్తుచేసే మనిషి ఒకరు కావాలి. బిడ్డను తమ ఇంట్లో ఉంచుకొని పెంచడానికి సిద్ధంగా ఉన్న కుటుంబాలు అడగాల్సింది కృష్ణగిరిలోని జిల్లా బాలల సంరక్షణ యూనిట్‌లో. హోసూరు నుంచి పోతే గంట ప్రయాణం.