వైనతేయం మొగ నుంచి తైమీర్ దాకా

నేను వంపుముక్కు ఉల్లంకిని. ఒళ్లంతా కలిపి 60 గ్రాములు. చలికాలంలో అమలాపురం నుంచి ఓడలరేవు వచ్చి, వైనతేయ గోదావరి సముద్రంలో కలిసే మొగ దగ్గర నిలబడండి. నీళ్లు వెనక్కి తీసిన బురద మీద గుంపుతో పరుగులు పెడుతూ కనబడతాను.

పుట్టింది రష్యా ఉత్తరాన, తైమీర్ ద్వీపకల్పంలో. నేను పుట్టిన చోట చెట్టన్నది మొలవదు. వేసవిలో అక్కడ సూర్యుడు అస్తమించడు. గుడ్డులోంచి బయటపడి, ఒళ్లు ఆరగానే నడక మొదలుపెట్టాను. మాలో తల్లి నోటికి అందించదు. రెక్కల కింద వెచ్చబెడుతుంది, నక్క వస్తే అరిచి చెబుతుంది. తిండి మనమే వెతుక్కోవాలి. నాచు మీద పురుగులు ఏరుకుంటూ, ధ్రువపు జింకల మందలు తొక్కిన దారుల్లో రెక్కలొచ్చేదాకా నడిచాను. మెట్ట మీద తెల్ల గుడ్లగూబ కూర్చునేది. దూరంగా మంచు పలకల మీద ధ్రువపు ఎలుగు తిరిగేది.

దీవులను వదిలేస్తే ఆసియాకు ఉత్తరపు కొస అయిన చెల్యూస్కిన్ అగ్రం ఆ తీరంలోనే ఉంది. దాన్ని మొదట చుట్టి వెళ్లిన ఓడ స్వీడన్ వాళ్ల వేగా, 1878లో. తెరచాపలు, ఆవిరియంత్రం రెండూ ఉన్న ఓడే. అయినా బేరింగ్ జలసంధి దగ్గరపడుతుండగా మంచులో చిక్కి, మరుసటి జూలై దాకా కదల్లేకపోయింది. అక్కడ ఆలస్యం చేస్తే అంతే. మా నాన్న నేను పుట్టకముందే దక్షిణానికి లేచిపోయాడు. తర్వాత అమ్మ. మేం పిల్లలం అందరికన్నా వెనక, దారి చెప్పే పెద్దలెవరూ లేకుండా బయలుదేరాం.

ఇక్కడ, వైనతేయం మొగ దగ్గర దిగాక మాకు పగలూ రాత్రీ లేదు, పోటూ పాటే. పాటు తీస్తే ఒండ్రులో ముక్కు గుచ్చి పురుగుల్ని లాగుతాం. పోటెక్కితే ఇసుక దిబ్బ మీద ఒంటికాలిపై కునుకు. మొదటి వేసవి ఉత్తరానికి పోకుండా ఈ దక్షిణ తీరాల్లోనే ఉండిపోయాను.

తర్వాత నేనూ తల్లినయ్యాను. నాలుగు గుడ్లు. తైమీర్‌లో లెమ్మింగులనే ఎలుకలు కొన్నేళ్లకోసారి విపరీతంగా పెరుగుతాయి. ఆ ఏడు నక్కలకు వాటితోనే కడుపు నిండుతుంది, మా గూళ్ల జోలికి రావు. మరుసటి ఏడు ఎలుకలు తగ్గితే నక్కల చూపు మా గుడ్ల మీద పడుతుంది. నా గూడు అలాగే పోయింది. అలాంటి ఏడు దక్షిణ తీరాల్లో మా గుంపుల్ని చూడండి, పిల్లపిట్ట దొరకడం కష్టం. ఆ ఎలుకల లెక్క ఈ బురద మీద కనబడుతుంది.

నక్కలతో మేం ఎన్నో తరాలుగా నెగ్గుకొస్తున్నాం. మేత నేల పోతే మాత్రం నెగ్గలేం. ఎన్నో దేశాల తీరాల్లో బురదమేటల్ని పూడుస్తున్నారు. 2024లో మా జాతిని ముప్పున్న జాతుల్లో చేర్చారు. కొవ్వు పట్టకుండా ఉత్తరానికి ఎగరలేం, ఆ కొవ్వు ఇలాంటి ఒండ్రులోనే ఉంది.

ఏప్రిల్‌కల్లా నా బూడిద ఈకలు ఇటుకరంగుకు తిరుగుతాయి. ఒళ్లు బరువెక్కుతుంది. లేచి వెళ్తాను. ఇది ఎలుకల ఏడో కాదో అక్కడ దిగాకే తెలియాలి.