ఈసీ బాబాయ్ దుబాయి ఫ్లాటు

ప్రతి తెలుగు కుటుంబంలోనూ ఒక ఈసీ బాబాయ్ ఉంటాడు. వరసకు మావయ్యో పెదనాన్నో కావచ్చు, లక్షణాలు మాత్రం అవే. బంధువుల్లో ఎవరు రెండొందల గజాలు కొంటున్నా కాగితాలు ముందు ఆయన దగ్గరికి రావాల్సిందే. కళ్ళజోడు ముక్కు చివరికి దించి, "ముప్ఫై ఏళ్ళ ఈసీ ఏదిరా?" అంటాడు.

ఈసీ, అంటే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, తెస్తే లింకు డాక్యుమెంట్లు అడుగుతాడు. అవీ తెస్తే, పాత దస్తావేజులో తూర్పు హద్దు వీరయ్యగారి దొడ్డి అనుంది, కొత్తదాంట్లో మునిసిపాలిటీ రోడ్డు అనుంది, మధ్యలో వీరయ్యగారి దొడ్డి ఏమైందో తేల్చమంటాడు. సర్వే నంబరు 22ఎ నిషేధిత జాబితాలో ఉందేమో చూస్తాడు. దగ్గర్లో చెరువుంటే ఎఫ్‌టీఎల్ (నిండు నీటిమట్టం) మ్యాపు తెమ్మంటాడు. చెరువుల్లో ఆక్రమణలు కూల్చే హైడ్రా వచ్చాక చెరువు లేకపోయినా తెమ్మంటున్నాడు. అమ్మేది సొంత బావమరిదైనా సరే, "చెల్లెళ్ళు సంతకం పెట్టారా? ఎన్టీ రామారావు ఆడపిల్లల వాటాకి 1986లోనే చట్టం చేశాడు, మర్చిపోయావా?" అంటాడు.

ఇక అమ్మేవాడు పొరపాటున "మా లాయరుగారు ఒపీనియన్ ఇచ్చేశారండీ" అన్నాడో, బాబాయ్ నవ్వే నవ్వు చూసి తీరాలి. "మీ లాయరు మీకు చెబుతాడండీ. మాకు మా లాయరు చెప్పాలి." ఆ మాటతో ఎన్ని బేరాలు చెడ్డాయో మా చుట్టాల్లో అందరికీ తెలుసు.

అంతటి బాబాయ్ ఒక ఆదివారం హైదరాబాదులోని స్టార్ హోటల్లో దుబాయి ప్రాపర్టీ ఎక్స్‌పోకి వెళ్ళాడు. ఊరికే చూసొద్దామనే వెళ్ళాడు, పాపం. హాలు మధ్యలో అద్దాల పెట్టె, అందులో లైట్లు వెలుగుతున్న బుల్లి టవరు, దాని నెత్తిన నీలంరంగు ఈతకొలను. చేతికి కాఫీ ఇచ్చారు. కోటు వేసుకున్న కుర్రాడొకడు వంగి, "అంకుల్, మాది తెనాలే" అన్నాడు.

అప్పుడు బాబాయ్ విచారణ మొదలుపెట్టాడు. కుర్రాడి విచారణ! ఏ పేట, తాతగారేం చేసేవారు, అమ్మగారి పుట్టిల్లు ఎక్కడ. మూడు తరాల లింకు డాక్యుమెంట్లూ నోటితోనే పరిశీలించి తృప్తిపడ్డాడు. కుర్రాడి టైటిలు క్లియరు కాబట్టి ఫ్లాటు టైటిలూ క్లియరే.

కుర్రాడు మంచివాడే, అబద్ధమేమీ చెప్పలేదు. ఇరవై లక్షల దిర్హాముల ఆస్తి కొంటే పదేళ్ళ గోల్డెన్ వీసాకు అర్హత ఉంటుందన్నాడు. దుబాయి ల్యాండ్ డిపార్ట్‌మెంటుకు కట్టే నాలుగు శాతం ఫీజు ఆఫర్‌లో తామే భరిస్తామన్నాడు. "లాయరు ఖర్చు కూడా మీకొద్దంకుల్. మా ప్యానెల్ లాయరే అన్నీ ఫ్రీగా చూసేస్తారు."

ఫ్రీ అన్న మాట దగ్గర బాబాయ్‌లోని ఈసీ పూర్తిగా నిద్రపోయింది. కట్నం మాటలకి ఆడపిల్లవారి తరఫు పెద్దమనిషిగా పెళ్ళికొడుకు మేనమామను కూర్చోబెట్టుకున్నట్టయింది వ్యవహారం. బుకింగ్ సొమ్ము అక్కడికక్కడే ఇంటర్నేషనల్ క్రెడిట్ కార్డు మీద గీకేశాడు. రివార్డు పాయింట్లు వస్తాయని ఇంటికొచ్చి గొప్పగా చెప్పాడు కూడా.

దుబాయిలో చట్టాలు లేవని కాదు. 2002లో విదేశీయులకు ఫ్రీహోల్డు తలుపులు తీశారు, 2006లో దానికి చట్టం చేశారు. కొనేవాళ్ళ డబ్బు ఎస్క్రో ఖాతాలోనే పడాలని 2007లో, కట్టకముందే అమ్మే ఫ్లాటును తాత్కాలిక రిజిస్టరులో ఎక్కించాలని 2008లో చట్టాలొచ్చాయి. ఈ రెండోదాన్ని అక్కడ ఊకూద్ అంటారు. 2008 మాంద్యంలో టవర్లు పునాదుల్లోనే ఆగిపోవడం చూసినవాళ్ళకి వీటి విలువ తెలుసు. అయితే కొనేవాడు లాయరును పెట్టుకుని తీరాలని మాత్రం అక్కడి చట్టం పట్టుబట్టదు. ఏజెంటు, డెవలపరు, ల్యాండ్ డిపార్ట్‌మెంటు ఉంటే పని జరిగిపోతుంది. అంటే మన తరఫున ఎవరూ లేకుండానే జరిగిపోతుంది.

కొన్నాళ్ళకి కొరియర్లో ఒప్పందం వచ్చింది. ఇంత లావు పుస్తకం, ఒక పక్క ఇంగ్లీషు, ఒక పక్క అరబ్బీ. రెండింటికీ తేడా వస్తే అరబ్బీదే చెల్లుతుందని అందులోనే రాసుంది. తూర్పు హద్దు తేడా వస్తే బావమరిదినే వదలని మనిషి, పసుపు చీటీ అంటించిన చోటల్లా టకటకా సంతకాలు పెట్టేశాడు. ఇల్లు ఆలస్యమైతే డెవలపరుకు ఏడాది వెసులుబాటు ఉన్న పేజీలోనూ పెట్టాడు.

పిన్ని మాత్రం ఆ కవరు తిరిగి పంపనివ్వకుండా బీరువాలో పెట్టి తాళం వేసింది.

"ఏమండీ, ఆ లాయరు మనవాడా, వాళ్ళవాడా?"

"అందరివాడే."

"అందరివాడైతే ఆయనకి జీతమెవరిస్తున్నారు?"

బాబాయ్ పేపరు చదువుకోవడం మొదలుపెట్టాడు.

పిన్ని షార్జాలో ఉన్న మేనకోడలికి ఫోను చేసింది. ఆ అమ్మాయి కుర్రాడిని గానీ కంపెనీని గానీ అడగలేదు. దుబాయి ప్రభుత్వ లీగల్ అఫైర్స్ డిపార్ట్‌మెంట్ లైసెన్సు ఉందో లేదో చూసుకుని, డెవలపరుతో ఏ సంబంధమూ లేని ఒకావిడను పట్టుకుంది. లాయరమ్మ వీడియో కాల్‌లో ప్రశ్న మీద ప్రశ్న వేసింది. ప్రాజెక్టు రిజిస్టరైందా? ఎస్క్రో ఖాతా నంబరెంత? ఊకూద్ ఎవరి పేరు మీద వస్తుంది? మధ్యలో వాయిదాలు ఆపేస్తే, పని మొదలై 60 శాతం కూడా కాని టవరులోనైనా ధరలో 25 శాతం వరకు డెవలపరు ఉంచుకోవచ్చని తెలుసా? మీరు కట్టినదాంట్లో కాదు, మొత్తం ధరలో. చివరికి, "మీ తదనంతరం ఫ్లాటు ఎవరికి? విల్లు రాశారా?" అంది. బాబాయ్‌కి కోపం వచ్చింది. శుభమా అని ఫ్లాటు కొంటుంటే పోవడం గురించి మాట్లాడుతుందేమిటని.

"ఇండియా వైపు సంగతి నా పని కాదు, మీ ఆడిటర్ని అడగండి" అని కూడా ఆవిడే చెప్పింది. ఆడిటరు తల పట్టుకున్నాడు. విదేశంలో ఆస్తికి డబ్బు బ్యాంకు ద్వారా ఎల్‌ఆర్‌ఎస్ అనే రిజర్వు బ్యాంకు పథకం కింద వెళ్ళాలి, మనిషికి ఆర్థిక సంవత్సరానికి రెండున్నర లక్షల డాలర్లు దాటకూడదు. ఏడాదిలో పది లక్షల రూపాయలు దాటిన మొత్తం మీద 20 శాతం టీసీఎస్ (మూలంలో వసూలు చేసే పన్ను) ముందే కట్టాలి, అది తర్వాత రిటర్నులో సర్దుకుంటారు. కార్డు గీకడం ఈ లెక్కలో ఎక్కడా లేదు. ఫ్లాటును ఆదాయపన్ను రిటర్నులో విదేశీ ఆస్తులు చూపే ఎఫ్‌ఏ షెడ్యూలులో చూపకపోతే 2015 నల్లధనం చట్టం కింద పది లక్షల జరిమానా పడొచ్చు. రివార్డు పాయింట్లతో అది కట్టనివ్వరు.

ఇవన్నీ విన్నాక బాబాయ్‌కి నచ్చనిది ఒక్కటే, లాయరమ్మ ఫీజు. ఊరి లాయరు ఇంతకంటే తక్కువకే చూసేవాడని, పైగా టీ ఇచ్చేవాడని ఇప్పటికీ గొణుగుతున్నాడు. తెనాలి కుర్రాడు మాత్రం, ఎస్క్రో నంబరు అడిగిన రోజు నుంచి ఆయన్ని అంకుల్ అనడం మానేసి సార్ అంటున్నాడు.

మీ ఇంటి బాబాయ్ ఎక్స్‌పోకి బయల్దేరితే వెళ్ళనివ్వండి, కాఫీ బావుంటుంది. కార్డు మాత్రం ఇంట్లో పెట్టించండి. లాయరును మీరే వెతకండి, అమ్మేవాళ్ళిచ్చిన నంబరుకు ఫోను చేయకండి. ఫీజు మీ చేత్తోనే ఇవ్వండి.