లెక్కలో సున్నా

నేను ఒడిశాలోని తెరుబలిలో క్వార్టరులో పెరిగాను. మా ఇంటికి ఒక నెంబరు ఉండేది. నాన్న ఫెర్రో అల్లాయ్స్ ఫ్యాక్టరీలో పనిచేసినన్నాళ్లూ అది మాది. ఆయన రిటైరయ్యాక తాళం అప్పగించి బయటికొచ్చాం. ఇల్లంటే నాలుగు గోడలని, ఒకటి పోతే ఇంకొకటి దొరుకుతుందని నాలో అలా నాటుకుపోయింది. సాకుగా చెప్పడం లేదు. నా తెలివితక్కువతనం ఎక్కడ మొదలైందో వెతుక్కుంటే అక్కడే తేలింది.

2013 వేసవి. నియమగిరి కొండల మీద కోందు ఆదివాసుల హక్కుల సంగతి గ్రామసభలే తేల్చాలని ఏప్రిల్ 18న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. అక్కడ వేదాంత కంపెనీ బాక్సైట్ గని వస్తుందా రాదా అన్నదే మా ఊళ్లో టీ దుకాణాల దగ్గర మాట. వస్తే మంచిదేనని వాదించేవాణ్ణి. గని వచ్చేది కొండ నెత్తి మీద, అక్కడ ఒక్క ఇల్లూ లేదు, మరి రోడ్డున పడేదెవరు? ఇదీ నా వాదన. దాన్ని రుజువు చేద్దామని, కువి భాష వచ్చిన స్నేహితుణ్ణి వెంటబెట్టుకుని, ఒక నోటుపుస్తకం పట్టుకుని చటికోన మీదుగా కొండెక్కాను.

వాలులో ఒక డోంగ్రియా కోందుల ఊరు. ఎదురెదురుగా రెండు వరసల ఇళ్లు, తల వంచితే గానీ దూరలేనంత కిందికి దిగిన చూర్లు. గడప గడపా లెక్కపెట్టాను. పక్కన ఇంకో గడి గీసి 'కూలేవి' అని రాసి, దాని కింద సున్నా చుట్టాను.

ఒక ముసలామె చూరు కింద కూర్చుని అల్లం విత్తనం ఏరుతోంది. ఆమె అడక్కుండానే చెప్పాను: "నీ ఇల్లు ఎక్కడికీ పోదు అవ్వా. తవ్వేది పైన." స్నేహితుడు కువిలో చెప్పాడు. ఆమె చేతులు ఆగలేదు. నేను అక్కడితో ఊరుకోలేదు. ఇది రాయడానికి ఇప్పటికీ చెయ్యి వెనకాడుతోంది. "కినారి వాళ్లని చూడు, పక్కా ఇళ్లు ఇచ్చారు" అన్నాను. లాంజిగఢ్‌లో అల్యూమినా రిఫైనరీ కోసం 2004లో ఖాళీ చేయించిన ఊరది. ఊరివాళ్లని కాంక్రీటు ఇళ్ల కాలనీకి తరలించారు.

ఆమె అప్పుడు తలెత్తింది. "వాళ్ల పొలం ఏదీ?" అంది.

నా దగ్గర జవాబు లేదు. నా పుస్తకంలో పొలానికి గడే లేదు.

కాసేపటికి ఆమే మళ్లీ అంది: "పైన ఇళ్లు ఎందుకు లేవో అడగవేం, బాబూ?"

అడగలేదు. గాలి ఎక్కువనో, నీళ్లు ఉండవనో నాకు నేనే అనుకుని దిగిపోయాను. దిగుతూ మూడుచోట్ల వాగులో దోసిలి పట్టి నీళ్లు తాగాను. మే నెల, మా ఊళ్లో బోర్లు గాలి కక్కుతున్న రోజులు. ఆ నీళ్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయన్న ఆలోచనే రాలేదు నాకు.

ఆ ఏడు జూలై, ఆగస్టుల్లో 12 ఊళ్లలో గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. సగమైనా ఒప్పుకుంటాయని నేను పందెం కాసినంత ధీమాగా చెప్పి ఉన్నాను. ఆ రోజుల్లోనే శ్రీకాకుళంలో మా పిన్ని ఇంటికి వెళ్లాను. నాగావళి నిండుగా పారుతోంది. రేవు మెట్ల మీద నిలబడితే మూడు దోసిళ్ల నీళ్లు గుర్తొచ్చాయి. నియమగిరి వాగులు కొన్ని వంశధారలోకి, కొన్ని ఈ నదిలోకే దిగుతాయి. నేను చిన్నప్పుడు ఈత నేర్చుకున్న నీళ్లివి. కొండ నెత్తిన డోంగ్రియాలు ఇల్లు కట్టరు, చెట్టు నరకరు, అది వాళ్ల దేవుడు నియమరాజు చోటు. తరతరాలుగా వాళ్లు కాపాడుకుంటూ వచ్చిన చోటుని నేను ఎవరిదీ కాని చోటుగా లెక్క రాసుకున్నాను.

తర్వాత చాలా బుధవారాలు చటికోన సంతకి వెళ్లాను. కొండ దిగి పసుపు, అల్లం, అనాస తెచ్చే ఆడవాళ్లలో ఆమె కోసం వెతికాను. కనబడలేదు. కనబడితే ఏం చెప్పాలో అనుకుని పెట్టుకున్న కువి మాటలు నాలుగు ఇప్పటికీ నోటికి వచ్చు.

2023 అక్టోబరులో, ఇంకో కొండ సిజిమాలి మీద తలపెట్టిన బాక్సైట్ గని గురించి సుంగేరులో ప్రజాభిప్రాయ సేకరణ జరిగింది. ఆ కబురు విని మా మేనల్లుడు అడిగాడు: "మావయ్యా, కొండ మీద మొత్తం ఎన్నిళ్లు పోతాయంట?"

నా గొంతే విన్నట్టయింది. ఒక్క క్షణం మాట రాలేదు. బుధవారం పొద్దున్నే సిద్ధంగా ఉండమన్నాను, చటికోన వెళ్లి కొండెక్కుదామని. నీళ్ల సీసా సర్దుకోబోతుంటే వద్దన్నాను.