ఏకగ్రీవానికి మేకింగ్ వీడియో ఏదీ?

ఈమధ్య సినిమా కన్నా దాని మేకింగే పెద్ద సినిమా అయిపోయింది. ‘ఆర్‌ఆర్‌ఆర్: బిహైండ్ అండ్ బియాండ్’ 2024 డిసెంబరులో ఏకంగా థియేటర్లకే వచ్చింది. సరే, వాళ్లకు చూపించుకోడానికి పనుంది. మిగతావాళ్ల మేకింగుల్లో ఏముంటుంది? హీరో డూప్ వద్దంటాడు. దర్శకుడు గొడుగు కింద నిలబడి గాల్లో చేతులు తిప్పుతాడు. నిర్మాత ఖర్చుకు వెనకాడలేదని హీరోయిన్ ముద్దుముద్దుగా చెబుతుంది. యూనిట్టంతా ఒక కుటుంబం. (పేమెంటు అందని కుటుంబసభ్యుడు మాత్రం ఏ ఫ్రేములోనూ కనపడడు.)

మా ఊరి పేరు పెట్టుకుని 2022 ఆగస్టు 12న దిగిన ‘మాచర్ల నియోజకవర్గం’ మీద ఎవరైనా డాక్యుమెంటరీ తీస్తే మటుకు మొదటి టికెట్ నాదే. ఆ సినిమాలో విలన్ సముద్రఖని ముప్పై ఏళ్లుగా ఎన్నికలు జరగనివ్వడు, అంతా ఏకగ్రీవం. నితిన్ గుంటూరు కలెక్టరై వచ్చి సరిచేస్తాడు. విడుదలకు ముందే దర్శకుడి పేరుతో కులాలను తిట్టే ట్వీట్లు తిరిగాయి. అవి ఫేక్ అని యూనిట్ మొత్తుకుంది. వివాదం ఆ ట్వీట్ల చుట్టూ తిరిగింది గానీ కథ జోలికి ఎవరూ పోలేదు. కథంటారా, ఇలాంటి సినిమాలకు ముందు తెర మీద పడే బోర్డు ఉండనే ఉంది: పాత్రలూ సంఘటనలూ కేవలం కల్పితం.

కల్పితమే కాబోలు! 2020 మార్చిలో, స్థానిక ఎన్నికల నామినేషన్ల వేళ, మాచర్లలో టీడీపీ నేతలు బొండా ఉమా, బుద్దా వెంకన్న ఉన్న కారు అద్దం పగలగొట్టి దుడ్డుకర్ర లోపలికి పొడిచారు. రోప్ లేదు, డూప్ లేడు, సింగిల్ టేక్. 2021 మార్చిలో మాచర్ల మున్సిపాలిటీలో అన్ని వార్డులూ ఏకగ్రీవం. సినిమా అప్పటికింకా రాలేదు సుమండీ. ముప్పై ఏళ్లని పెంచడం తప్ప రచయిత పడ్డ కష్టమేమిటో మేకింగ్ చూస్తే గానీ తెలీదు.

2024 మే 13న రెంటచింతల మండలం పాల్వాయిగేటు బూత్‌లో ఈవీఎంను నేలకేసి కొట్టింది అప్పటి మాచర్ల ఎమ్మెల్యేనేనని ఎన్నికల సంఘమే చెప్పింది. కెమెరామన్ ఎవరయ్యా అంటే, గోడకు తగిలించిన వెబ్ కెమెరా. బీజీఎం లేకుండానే దేశమంతా ఆడింది.

కాబట్టి డాక్యుమెంటరీ తీసే బాబులకు ఒక్క విన్నపం. హీరో ఎన్ని కేజీలు తగ్గాడో మాకొద్దు. నామినేషన్ కాగితం జేబులో పెట్టుకుని ఆఫీసు గేటుదాకా వెళ్లి తిరిగొచ్చినవాడెవడైనా దొరికితే కూర్చోబెట్టి మాట్లాడించండి. ముఖం బ్లర్ చేయమంటాడు, చేయండి. గొంతు కూడా మార్చమంటాడు, మార్చండి. మా ఊళ్లో గొంతు గుర్తుపట్టేవాళ్లు ఎక్కువ.