కొమ్మ మీద ఫ్లూటు

ఆ వీడియోలో ఒక మనిషి చెట్టెక్కి కొమ్మ మీద కూర్చుని ఉంటాడు. చేతిలో ఫ్లూటు. పాటలో ఆ ఫ్లూటు కాసేపు మోగుతుంది, ఆగుతుంది, మళ్లీ మోగుతుంది. మాటలు మరిచిపోయినవాళ్లకు కూడా ఆ ముక్క గుర్తుంటుంది.

అతని పేరు గ్రెగ్ హామ్. బ్యాండు పేరు మెన్ ఎట్ వర్క్. ఊరు మెల్‌బోర్న్.

1979లో వాళ్లు రిచ్‌మండ్ పేటలోని క్రికెటర్స్ ఆర్మ్స్ అనే పబ్బులో వాయించేవారు. గాయకుడు కోలిన్ హే, గిటారిస్టు రాన్ స్ట్రైకర్ట్ దగ్గర ‘డౌన్ అండర్’ అనే పాట అప్పటికే ఉంది. వెనక వచ్చి చేరిన హామ్ దానికి ఫ్లూటు కలిపాడు. పాటకు కాస్త ఆస్ట్రేలియా వాసన తగలాలని కలిపానని చాలా ఏళ్ల తర్వాత చెప్పాడు.

1981లో వాళ్ల మొదటి ఆల్బమ్ ‘బిజినెస్ యాజ్ యూజువల్’ వచ్చింది. అందులో ముందు పేరు తెచ్చిన పాట ‘హూ కెన్ ఇట్ బీ నౌ’. దాన్ని నిలబెట్టింది శాక్సోఫోన్. ‘డౌన్ అండర్’ను పట్టించింది ఫ్లూటు. రెండింటిలోనూ ఊదింది హామే.

ఆ తర్వాత జరిగింది ఆ పబ్బులో ఎవరూ ఊహించి ఉండరు. ఆల్బమ్ అమెరికాలో 15 వారాలు మొదటి స్థానంలో ఉంది. 1983 మొదట్లో అమెరికాలోనూ, బ్రిటన్‌లోనూ పాటా ఆల్బమూ ఒకేసారి మొదటి స్థానానికి చేరాయి. ఆ ఏడాదే ఉత్తమ కొత్త కళాకారుల గ్రామీ వచ్చింది. అమెరికా కప్పు పడవ పందెంలో ఆస్ట్రేలియా గెలిచినప్పుడూ జనం పాడుకున్నది ఆ పాటే. 2000లో సిడ్నీ ఒలింపిక్స్ ముగింపు వేడుకలో మెన్ ఎట్ వర్క్ స్టేడియం నడుమ నిలబడి దాన్నే వాయించింది. ఆస్ట్రేలియాకు అది రెండో జాతీయగీతం లాంటిదైంది.

2007లో ఆస్ట్రేలియా టీవీలో ఒక సంగీత క్విజ్ వచ్చింది. అందులో ఒక ప్రశ్న: ‘డౌన్ అండర్’లో ఏ పిల్లల పాట దాగి ఉంది?

జవాబు ‘కూకబుర్రా’.

కూకబుర్రా అంటే మన లకుముకిపిట్ట జాతి పక్షి. మనిషి పకపక నవ్వినట్టు కూస్తుంది. మెల్‌బోర్న్‌లో మేరియన్ సింక్లెయిర్ అనే సంగీతం టీచరు 1932లో దాని మీద ఒక చిన్న పాట కట్టింది. మొత్తం నాలుగు బార్ల, అంటే నాలుగు తాళ ఆవృత్తుల వరస. 1934లో గర్ల్ గైడ్స్ పెట్టిన పోటీకి ఇచ్చింది. ఆపైన ఆ పాట ఆస్ట్రేలియాలో ప్రతి బడికీ పాకింది. ఆ దేశంలో పెరిగిన పిల్లలకు దాన్ని పనిగట్టుకుని నేర్చుకున్నట్టు కూడా గుర్తుండదు. మనకు ‘చందమామ రావే’ ఎవరు నేర్పారో చెప్పలేం, అలాగే.

‘డౌన్ అండర్’ వచ్చేనాటికి సింక్లెయిర్ బతికే ఉంది. మరో ఏడేళ్లు బతికింది. ఆ ఏడేళ్లలో ఏ కేసూ లేదు. 1988లో పోయింది. 1990లో లారికిన్ అనే సంగీత ప్రచురణ సంస్థ ‘కూకబుర్రా’ హక్కులను 6,100 డాలర్లకు కొనుక్కుంది. కొన్నాక 17 ఏళ్లు ఊరుకుంది. ‘డౌన్ అండర్’ ఆ 17 ఏళ్లూ మోగుతూనే ఉంది.

క్విజ్ ప్రసారమయ్యాక లారికిన్ కోర్టుకెక్కింది.

వాదన రెండు బార్ల మీద నడిచింది. వినేవాడి చెవికి క్షణాల పని. శ్రుతి వేరు, పక్కన మోగే వాద్యాలు వేరు. ఇన్నేళ్లూ కోట్ల మంది విన్నా ఆ పోలిక కోర్టు దాకా వెళ్లలేదు. కానీ వీడియో ఉంది. కూకబుర్రా పాటలో పిట్ట చెట్టు మీద కూర్చుంటుంది. వీడియోలో సరిగ్గా ఆ వరస వాయిస్తూ హామ్ చెట్టు మీద కూర్చున్నాడు. జడ్జి దృష్టి ఆ కొమ్మ మీదికీ వెళ్లింది.

2010 ఫిబ్రవరి 4న జస్టిస్ జేకబ్‌సన్ తీర్పు చెప్పాడు. ‘డౌన్ అండర్’ ‘కూకబుర్రా’లో గణనీయమైన భాగాన్ని వాడుకుందన్నాడు. లారికిన్ రాబడిలో 40 నుంచి 60 శాతం అడిగింది. కోర్టు 2002 నుంచి లెక్కగట్టి 5 శాతం ఇప్పించింది. అప్పీలు 2011లో పోయింది. పై కోర్టు వినడానికి ఒప్పుకోలేదు.

హామ్ అప్పటికి బ్యాండులో లేడు. మెల్‌బోర్న్‌లోనే ఉంటూ పిల్లలకు గిటారు నేర్పేవాడు. తీర్పు వచ్చాక ఒక విలేకరితో మాట్లాడాడు. ఇకమీదట జనం తనను కాపీ కొట్టినవాడిగానే గుర్తుపెట్టుకుంటారేమోనని, అదే తన బాధ అని చెప్పుకున్నాడు. ఆ రెండు పాటలకూ ఊదిన మనిషి అన్న మాట అది.

2012 ఏప్రిల్ 19న, ఉత్తర కార్ల్‌టన్‌లోని ఇంట్లో హామ్ చనిపోయి కనిపించాడు. 58 ఏళ్లు. మర్నాడు పత్రికలన్నీ రాశాయి. చాలా వాటిలో ఫ్లూటు ముక్కా, కేసూ పక్కపక్కనే వచ్చాయి.

ఆల్బమ్ మీద ‘డౌన్ అండర్’ పాట కట్టినవారి పేర్లు అచ్చు వేసి ఉన్నాయి. రెండే పేర్లు: హే, స్ట్రైకర్ట్.