జ్వరానికీ ఒక దరఖాస్తు

కాలిఫోర్నియా గవర్నర్ న్యూసమ్ గారు 2024లో రెండు బిల్లుల్ని వీటోతో తిప్పికొట్టారు. ఎస్‌బీ 895, ఏబీ 2104. కొన్ని కమ్యూనిటీ కాలేజీలు, అదీ ప్రయోగంగా, నర్సింగులో బ్యాచిలర్ డిగ్రీ ఇస్తామంటే వద్దన్నారు. కారణం ఆయనే చెప్పారు. యూనివర్సిటీలతో కలిసి చేస్తున్న పని చెడుతుందట. ఇప్పటిదాకా ఇచ్చిన అధికారాలు ఏం సాధించాయో కాస్త ఆగి చూడాలట.

ఎంత ముందుచూపు! నా బాధల్లా ఒకటే: ఈ క్రమశిక్షణ నర్సులకేనా? ఒక నర్సును తయారుచేయడానికి ఇన్ని సంతకాలు అడిగే రాష్ట్రంలో, జబ్బులు మాత్రం కాగితం ముక్కయినా చూపించకుండా ఇళ్ళలో దూరిపోవచ్చా?

పద్ధతి కొత్తగా కనిపెట్టక్కర్లేదు. కమ్యూనిటీ కాలేజీలో కొత్త కెరీర్ కోర్సు పెట్టడానికి ఉన్నదే చాలు. ఇకమీదట ఫ్రెస్నోలో ఒకాయనకు గుండెపోటు రావాలంటే ముందు మార్కెట్ సర్వే జరగాలి. ఈ ప్రాంతంలో గుండెపోట్లకు గిరాకీ ఉందా? వచ్చే అయిదేళ్ళలో ఎన్ని ఖాళీలు? లెక్క కుదిరితే ఫైలు సలహా సంఘానికి వెళ్తుంది. అక్కడ పరిశ్రమ ప్రతినిధులు, అంటే అనుభవజ్ఞులైన పాత రోగులు, కాఫీ తాగి బాగుందంటారు. మినిట్స్ రాసుకోవాలి, మినిట్స్ లేని నొప్పి చెల్లదు. ఆ తర్వాత కరికులమ్ కమిటీ. నొప్పి భుజం నుంచి చేతికి దిగుతుందా, చేతి నుంచి భుజానికి ఎక్కుతుందా, లెర్నింగ్ అవుట్‌కమ్స్‌లో స్పష్టంగా లేదని తిప్పి పంపుతుంది. ఈలోగా సెలవులొచ్చాయి, మళ్ళీ సమావేశం ఆగస్టులో. అందాకా ఆయన ఛాతీ పట్టుకుని కూర్చోవచ్చు. పడిపోవడానికి మాత్రం వీల్లేదు.

అసలు మజా కాలేజీల ప్రాంతీయ కన్సార్టియం దగ్గరుంది. అక్కడ ఇరుగుపొరుగు అభ్యంతరం చెప్పుకోవచ్చు. ‘మా విసేలియాలో గుండెపోటు ఎప్పటి నుంచో నడుస్తోంది, మీరూ మొదలెడితే మా బెడ్లు నిండవు’ అని వాళ్ళు లేచి నిలబడతారు. అనవసరపు డూప్లికేషన్! ఫ్రెస్నో వాళ్ళు కావాలంటే పక్షవాతం పెట్టుకోవచ్చు. ఇది దాటితే డిస్ట్రిక్ట్ బోర్డు, ఆపైన శాక్రమెంటోలో ఛాన్సలర్ కార్యాలయం, మధ్యలో అక్రెడిటేషన్ వాళ్ళు. కేటలాగులో అచ్చయ్యాక గుండె నిక్షేపంగా ఆగొచ్చు.

ఇదంతా జలుబు నుంచి గుండెపోటు దాకా రెండేళ్ళ అసోసియేట్ స్థాయి రోగాల సంగతి. బ్యాచిలర్ స్థాయి రోగాలకు 2021 నాటి ఏబీ 927 చట్టం వర్తిస్తుంది. రాష్ట్రంలోని 116 కమ్యూనిటీ కాలేజీలకూ కలిపి ఏడాదికి 30 కొత్త డిగ్రీలు. ముప్ఫై ఒకటో క్యాన్సర్ వచ్చే ఏడాది రావాలి. అదీ కాల్ స్టేట్ యూనివర్సిటీ వాళ్ళు ‘ఇలాంటి కణితి మా దగ్గర ఉంది’ అనకపోతే.

ఈ మెట్లలో నేను కల్పించింది ఏదీ లేదు. కోర్సు ఉండే చోట జబ్బును పెట్టానంతే. ‘మా దగ్గర ఉంది’ అన్న అభ్యంతరమూ నిజమే.

2021లో డిక్సీ కార్చిచ్చు ప్లూమస్ కౌంటీలోని గ్రీన్‌విల్ ఊరిని కాల్చేసింది. ఏ కమిటీకీ దరఖాస్తు పెట్టుకోలేదు. అదే కౌంటీలోని ఫెదర్ రివర్ కాలేజీ, మంటల్ని ఎదుర్కోవడం నేర్పే డిగ్రీ పెడతానన్నప్పుడు మాత్రం కాల్ స్టేట్ అడ్డుపడింది. అలాంటిది మా హంబోల్ట్ క్యాంపస్‌లో పెడుతున్నాం కదా అని. హంబోల్ట్‌కు అక్కణ్ణుంచి గంటల తరబడి కొండదారి. ఇల్లు కాలిన పిల్ల ఆ దారి పట్టిపోవాలట, ఒక యూనివర్సిటీ పరువు నిలబెట్టడానికి!

నర్సుల విషయమూ అంతే. కమ్యూనిటీ కాలేజీలో చదివిన అమ్మాయి రాసేదీ, నాలుగేళ్ళ డిగ్రీ అమ్మాయి రాసేదీ ఒకే లైసెన్సు పరీక్ష. ఆస్పత్రులు మాత్రం డిగ్రీ ఉన్నవాళ్ళవైపే మొగ్గుతున్నాయి. ఆ డిగ్రీకి యూనివర్సిటీకి వెళ్తే, అర్హులైనవాళ్ళకే సీట్లు చాలక తిప్పి పంపుతున్నారు. యూనిట్‌కు 46 డాలర్లు కట్టి చదువుకున్న పిల్ల అప్పుచేసి ప్రైవేటు కాలేజీ గడప తొక్కాలి. (మన తెలుగు విందుల్లో కమ్యూనిటీ కాలేజీ పేరెత్తితే గొంతు తగ్గించే తల్లిదండ్రులకు ఇది పట్టకపోవచ్చు. ఐసీయూలో పడుకున్న రోజున పడుతుంది.)

యూనివర్సిటీ దగ్గర సీట్లు లేవు. ఇస్తానన్నవాణ్ణి ఇవ్వనివ్వదు. దీన్ని కలిసి పనిచేయడం అంటారా గవర్నర్ గారూ? ఆ పిల్ల కట్టబోయే వడ్డీలో యూనివర్సిటీ వాటా ఎంత, మీ వాటా ఎంత?